మాత్రలు మానేసిన తరువాత: తప్పిన నెలలు, నిలవని గర్భం

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే భయంతో రాసినవి. గర్భనిరోధక మాత్రలో, ఇంజెక్షనో కొంతకాలం వాడి మానేసిన తరువాత నెలసరి క్రమం తప్పిందని కొందరు, గర్భం వచ్చినట్టే వచ్చి నిలవలేదని మరికొందరు రాశారు. రెండింటికీ తాము వాడిన మందే కారణమా అని అందరూ అడిగారు. ఈ భయం మన రెండు రాష్ట్రాలలో కాస్త ఎక్కువగా ఉండడానికి ఒక కారణం ఉందని నేననుకుంటాను. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, వివాహితులైన 15–49 ఏళ్ల స్త్రీలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 38 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ఉన్నారు. ఇద్దరు పిల్లలు కాగానే ఆపరేషన్ చేయించుకోవడం తప్ప మరో దారి తెలియని ఇళ్లలో, కొంతకాలం వాడి మానేసే పద్ధతుల గురించి చెప్పగలిగిన అనుభవం అమ్మకూ ఉండదు, అత్తగారికీ ఉండదు. అందుకే ఆ తరువాత ఏ తేడా వచ్చినా అనుమానం ముందుగా మాత్రల స్ట్రిప్పు మీదికే పోతుంది.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారములు. నా వయసు 27 సంవత్సరాలు, పెళ్లయి మూడేళ్లు కావస్తోంది. ఉద్యోగంలో కుదురుకునే వరకు పిల్లలు వద్దని నేనూ మావారూ అనుకుని, మొదటి రెండేళ్లు నేను మాత్రలు వాడాను. ఈ సంగతి అత్తయ్యగారికి చెప్పలేదు. మాత్రలు వాడినంత కాలం నెలసరి 28 రోజులకు ఠంచనుగా వచ్చేది. మానేసిన తరువాత ఒకసారి 45 రోజులకు, ఇంకోసారి 52 రోజులకు వచ్చింది, రక్తస్రావం కూడా మునుపటికంటే ఎక్కువగా అయింది. ఆరో నెలలో గర్భం వచ్చింది. ఎనిమిదో వారం అనుకుని చేసిన స్కాన్‌లో గుండె చప్పుడు కనిపించలేదు. పది రోజులాగి మళ్లీ చేసి, అదే మాట చెప్పి, క్లీనింగ్ చేశారు. ఆ తరువాత బీరువా సర్దుతుండగా అత్తయ్యగారికి పాత స్ట్రిప్పు ఒకటి దొరికింది. ఆ మందుల వేడికి గర్భసంచి పాడైపోయిందని, చేతులారా చేసుకున్నానని అప్పటినుంచి అంటున్నారు. రాత్రిళ్లు నాకూ అదే నిజమేమో అనిపిస్తోంది. నిజమేనా? – పేరు రాయడం ఇష్టంలేని పాఠకురాలు, తణుకు

జవాబు: నిజం కాదమ్మా. మీరు వాడిన మాత్రల వల్ల మీ గర్భసంచి పాడవలేదు, మీ గర్భం పోలేదు. కారణం తెలియకుండా దొరికిన ఊరట రెండు రోజులకు మించి నిలవదు కనుక, కొంచెం వివరంగా రాస్తాను.

మన ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌నే తీసుకోండి. అందులో 21 హార్మోన్ మాత్రలు, రంగు వేరుగా ఉండే 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. ఒక్కొక్క హార్మోన్ మాత్రలో ఇథినైల్ ఈస్ట్రాడయోల్ అనే ఈస్ట్రోజన్ 0.03 మిల్లీగ్రాములు, అంటే 30 మైక్రోగ్రాములు, లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు ఉంటాయి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి అండాశయానికి పంపే సంకేతాలను ఇవి అణచి ఉంచుతాయి కాబట్టి ఆ నెల అండం విడుదల కాదు. దానితోపాటు గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడుతుంది, లోపలి పొర పలుచగా ఉండిపోతుంది. మాత్ర ఆపిన కొద్ది రోజులకే ఆ హార్మోన్లు ఒంట్లోంచి వెళ్లిపోతాయి. రోజూ ఒక మాత్ర వేసుకోవలసి రావడానికి కారణం కూడా అదే: నిన్నటి మాత్ర రేపటికి సరిపోదు. ఒకటి రెండు రోజులు మరిచిపోతేనే పట్టు తప్పే మందు, మానేసిన ఆరు నెలలకు మీ కడుపులో పిండాన్ని ఏదో చేసిందనడం కుదరదు. ఇక వేడి అంటారా, అన్నంలో మజ్జిగ పోసుకుంటే చల్లబడే వేడిని గురించి మన పెద్దవాళ్లకు బాగానే తెలుసు గానీ, గర్భసంచిలో ఏళ్ల తరబడి పేరుకుపోయే వేడి అనేది లేదు. పెద్దవాళ్ల భయానికి పూర్తిగా ఆధారం లేదని కూడా అనను. 1960లో అమెరికాలో అనుమతి పొందిన తొలి మాత్రలో ఈస్ట్రోజన్ 150 మైక్రోగ్రాములుండేది, ఇప్పటి మాత్రకు ఐదింతలు; వాంతులు, కాళ్ల వాపులు, రక్తం గడ్డకట్టడం వంటి చిక్కులు ఆ రోజులలో చాలా ఎక్కువ. మోతాదు తగ్గినా మాట మాత్రం తరం నుంచి తరానికి తగ్గకుండా వచ్చింది.

ఇప్పుడు మీ నెలసరి సంగతి. మాత్రలు వాడినప్పుడు 28 రోజులకు వచ్చినది మీ సొంత నెలసరి కాదు. హార్మోన్ మాత్రలు అయిపోయి ఐరన్ మాత్రలు వేసుకునే ఆ ఏడు రోజుల ఖాళీలో, హార్మోన్ ఆగినందుకు పలుచని పొర రాలి కనిపించే రక్తం అది. ప్యాకెట్ 28 రోజులకు అమర్చారు కనుక అది 28 రోజులకు వచ్చింది. ప్యాకెట్ 40 రోజులకు అమర్చి ఉంటే 40 రోజులకే వచ్చేది. పొర పలుచగా ఉంటుంది కాబట్టి రక్తం కూడా తక్కువే పోతుంది. మానేసిన తరువాత పొర మామూలు మందానికి పెరిగి రాలడం మొదలుపెడితే, పాత లెక్కకు అలవాటుపడిన మనిషికి అది ఎక్కువగా తోస్తుంది. గంటకొక ప్యాడ్ నిండిపోతుంటే, నాణెం కంటే పెద్ద గడ్డలు పడుతుంటే, వారం దాటినా ఆగకుంటే అప్పుడు అది నిజంగా ఎక్కువ. అలాంటిదేమీ మీరు రాయలేదు.

మీ ఉత్తరంలో నాకు కావలసిన ఒక్క సంగతి మాత్రం లేదు: పెళ్లికి ముందు, ఇంటర్, డిగ్రీ చదివే రోజులలో మీకు నెలసరి ఎన్ని రోజులకు వచ్చేది? అప్పుడు కూడా 40, 50 రోజులకు వచ్చేదైతే, మాత్రలు ఆ అలవాటును రెండేళ్లపాటు కప్పి ఉంచాయే తప్ప కొత్తగా తెచ్చిపెట్టినదేమీ లేదు. నా దగ్గరకు ఇలాంటి ఫిర్యాదుతో వచ్చే అమ్మాయిలలో చాలామంది ఈ ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగి, చిన్నప్పుడు కూడా అంతేనండీ, అమ్మ పసరు మందు ఇప్పించేది అంటారు. ఇలాంటివారిలో నీటితిత్తుల అండాశయ సమస్య, అదే మనం పీసీఓఎస్ అంటున్నది, తరచుగా కనిపిస్తుంది. చదువుకునే రోజులలో సక్రమంగానే ఉండేదైతే, మానేసిన తరువాత మొదటి మూడు నెలలు అటూ ఇటూ కావడం మామూలే. చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాలలో తొలి నెలసరి వస్తుంది, మూడు నెలలలో కుదురుకుంటుంది. మూడు నెలలు దాటినా అసలే రాకపోతే ముందుగా గర్భం లేదని తేల్చుకుని, థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు, ఒక స్కాన్ చేయించుకోవాలి. పీసీఓఎస్ ఉందేమో చూడడానికి స్త్రీల రక్తంలోనే చేసే మగ హార్మోన్ల పరీక్షను మాత్రం, మాత్రలు మానేసి మూడు నెలలు కాకముందు చేయించడం డబ్బు దండగ, ఎందుకంటే ఆ అంకెలను మాత్రలే తగ్గించి చూపిస్తాయి. మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది కాబట్టి ఇప్పుడు చేయించుకోవచ్చు.

గర్భం ఎందుకు నిలవలేదన్నది మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న. తెలిసిన గర్భాలలో నూటికి 10 నుంచి 15 ఇలా పోతాయి, వాటిలో అత్యధికం మూడో నెల నిండకముందే. మొదటి మూడు నెలలలో పోయినవాటిలో సగానికి, లేదా అంతకు పైగా, కారణం క్రోమోజోముల లెక్క తప్పడం. అండమూ వీర్యకణమూ చెరో 23 క్రోమోజోములు తెచ్చి కలవాలి; ఆ పంపకంలో ఒకటి ఎక్కువో తక్కువో అయితే పిండం కొన్ని వారాలు పెరిగి ఆగిపోతుంది. ఆ పొరపాటు గర్భం కుదిరిన ఘడియలోనే జరిగిపోతుంది కనుక, తరువాత మీరు ఎక్కిన బస్సు గానీ, దిగిన మెట్లు గానీ, చేసిన ఉద్యోగం గానీ దాన్ని మార్చగలిగేవి కావు. అదుపులో లేని చక్కెర వ్యాధి, థైరాయిడ్ లోపం, పొగతాగడం, తల్లి వయసు 35 దాటడం వంటివి ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. గతంలో మాత్రలు వాడి ఉండడం ఆ జాబితాలో లేదు. మానేసిన మరుసటి నెలలోనే గర్భం వచ్చినా సరే, మాత్రలు వాడనివారితో పోలిస్తే గర్భస్రావాలు ఎక్కువ కావు.

అయినా మాత్రలు మానేసినవారిలోనే ఇవి ఎక్కువగా వినబడుతున్నట్టు అనిపించడానికి కారణం ఉంది. పిల్లల కోసం ఎదురుచూస్తూ మాత్రలు మానేసిన స్త్రీ, నెల రెండు రోజులు ఆలస్యమైతే చాలు, కిట్ తెచ్చి చూసుకుంటుంది. అమెరికాలో గర్భనిరోధకాలు మానేసి పిల్లల కోసం ప్రయత్నిస్తున్న 221 మంది ఆరోగ్యవంతులైన స్త్రీల మూత్రాన్ని రోజూ పరీక్షించి 1988లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కుదిరిన గర్భాలలో 31 శాతం నిలవలేదని, 22 శాతం గర్భమని బయటపడకముందే పోయాయని తేలింది. మన నాయనమ్మల కాలంలో అవన్నీ ఈసారి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది అన్న ఒక్క మాటలో కలిసిపోయేవి.

మీకు పదిరోజులాగి రెండోసారి స్కాన్ చేసిన డాక్టర్ సరైన పని చేశారు. ఇది మిగిలిన పాఠకులు కూడా గుర్తుంచుకోవాలి. నెలసరి 45 రోజులకు వచ్చే స్త్రీకి అండం విడుదలయ్యేది కూడా ఆలస్యంగానే, అంటే దాదాపు నెల దాటాక. ఆఖరి నెలసరి తేదీని బట్టి ఎనిమిది వారాలని లెక్కకట్టిన గర్భం నిజానికి ఆరు వారాల కొద్దిదే కావచ్చు, అప్పుడు గుండె చప్పుడు కనిపించకపోవడం వింత కాదు. లోపలినుంచి చేసే స్కాన్‌లో పిండం పొడవు 7 మిల్లీమీటర్లు చేరినా గుండె కదలిక లేకపోవడం, లేదా పిండం పెరిగే తిత్తి సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లు చేరినా లోపల పిండమే లేకపోవడం, ఈ రెండింటిలో ఒకటి కనిపిస్తే తప్ప ఒక్క స్కాన్‌తో తీర్పు చెప్పకూడదు. ప్రమాదకరమైన రక్తస్రావం, నొప్పి లేనప్పుడు వారం పది రోజులు ఆగి రెండోసారి చూడమని అడగడం మీ హక్కు, అందులో డాక్టరును అవమానించినట్టేమీ కాదు.

ఇక మీ ఇంటి సంగతి. మాత్రలు వాడాలన్నది మీరిద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం, నింద మాత్రం మీ ఒక్కరి మీద పడింది. మీవారు తల్లి దగ్గర కూర్చుని, అమ్మా, వద్దనుకున్నది మేమిద్దరమూ అని చెప్పవలసిన సమయం దాటిపోతోంది. ఆ మాట నా జవాబు కంటే మీకు ఎక్కువ పనిచేస్తుంది. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు, ఆవిడ వస్తానంటే అత్తగారిని కూడా తీసుకువెళ్లండి. మళ్లీ గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టడానికి ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర ఒకటి వేసుకుంటూ, గర్భం వచ్చిన తరువాత మూడు నెలలు నిండేదాకా కొనసాగించండి.

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. బాబు పుట్టిన తరువాత ప్రభుత్వ ఆసుపత్రిలో అంతరా ఇంజెక్షన్ నాలుగుసార్లు చేయించుకున్నాను. రెండో ఇంజెక్షన్ తరువాత మరకలుగా కనిపించి, తరువాత నెలసరి పూర్తిగా ఆగిపోయింది. ఆఖరి ఇంజెక్షన్ చేయించుకుని ఎనిమిది నెలలవుతోంది, ఇప్పటికీ రాలేదు. ఊళ్లో ఆర్.ఎం.పి. గారు నెలసరి వచ్చే మాత్రలు రెండుసార్లు ఇస్తే వచ్చి మళ్లీ ఆగిపోయింది. రక్తమంతా లోపల గడ్డకట్టి ఉండిపోతుందని, ఇక పిల్లలు పుట్టరని చుట్టుపక్కలవాళ్లు భయపెడుతున్నారు. మాకు ఇంకొక బిడ్డ కావాలి. – ఒక తల్లి, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: మీ లోపల రక్తమేమీ నిలవలేదు. నిలవడానికి అసలు పొరే పెరగలేదు. అంతరా అంటే మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ అనే మందు, 150 మిల్లీగ్రాములు, మూడు నెలలకొకసారి కండలో చేస్తారు. 2017లో కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి వచ్చింది. కండలో దిగిన ఆ మందు నిల్వలాగా ఉండిపోయి కొద్దికొద్దిగా రక్తంలోకి దిగుతుంది. అది ఉన్నంతకాలం అండం విడుదల కాదు, గర్భసంచి పొర పెరగదు, పొర లేకపోతే రాలేదేమీ ఉండదు. ఏడాదిపాటు వాడినవారిలో సుమారు సగంమందికి నెలసరి ఆగిపోతుంది. మొదటి ఇంజెక్షన్ రోజునే ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పవలసింది. చెప్పకపోవడం వల్లనే మీరు ఇన్నాళ్లు భయపడ్డారని నాకు కోపంగానే ఉంది.

రోజూ వేసుకునే మాత్రకూ ఈ ఇంజెక్షన్‌కూ ఉన్న పెద్ద తేడా ఇదే. మాత్ర మానేస్తే ప్రభావం కొద్ది రోజులలో పోతుంది. ఇంజెక్షన్ కోర్సు మూడు నెలలకు ముగిసినట్టు కార్డులో ఉన్నా, మందు ఆనవాలు ఇంకా కొన్ని నెలలు ఒంట్లో ఉంటుంది. ఇంజెక్షన్ మానేసి గర్భం దాల్చినవారిని గమనించినప్పుడు, ఆఖరి ఇంజెక్షన్ నుంచి లెక్కపెడితే సగటున 10 నెలలకు గర్భం వచ్చింది; 12 నెలలలోపు 68 శాతం మందికి, 15 నెలలలోపు 83 శాతం మందికి, 18 నెలలలోపు 93 శాతం మందికి వచ్చింది. ఎన్ని ఇంజెక్షన్లు తీసుకున్నారన్నదానితో ఈ ఆలస్యానికి సంబంధం లేదు. ఆ లెక్కన మీ ఎనిమిది నెలలు భయపడవలసిన ఆలస్యం కాదు. శాశ్వతంగా పిల్లలు పుట్టకుండా పోవడమన్నది ఈ ఇంజెక్షన్ వల్ల జరగదు.

నెలసరి వచ్చే మాత్రలను ఇక వేసుకోకండి. అవి కూడా అదే జాతికి చెందిన హార్మోన్‌తో చేసినవే. ఆపగానే రక్తం కనబడుతుంది గానీ, అండం విడుదల కావడానికి అవి ఏమాత్రం సాయపడవు. అన్నిటికంటే ముఖ్యంగా, తొలి నెలసరి కంటే రెండు వారాల ముందే అండం విడుదల అవుతుంది కాబట్టి, నెలసరి కనబడకుండానే గర్భం వచ్చేయవచ్చు. పరీక్ష చేయకుండా ఇలాంటి మాత్రలు మింగించడం ఎంత తొందరపాటో మీరే ఆలోచించండి. నెలకొకసారి కిట్‌తో చూసుకోండి. ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. ఆఖరి ఇంజెక్షన్ నుంచి ఏడాది దాటినా నెలసరి, గర్భం రెండూ లేకపోతే ఏరియా ఆసుపత్రిలో గైనకాలజిస్టును కలవండి. రెండో కాన్పుకు తొందరలో ఉన్నవారికి, అంటే ఏడాదిలోపే బిడ్డ కావాలనుకునేవారికి, ఈ ఇంజెక్షన్ సరైన ఎంపిక కాదని మాత్రం నేను ఎప్పుడూ చెబుతాను.

ప్రశ్న: ఈ ఉత్తరం నా భార్య తరఫున రాస్తున్నాను. ఆమె వయసు 31. పెళ్లయిన తొలి ఏడాది మాత్రలు వాడింది. మానేసిన తరువాత రెండుసార్లు గర్భం వచ్చి, ఒకసారి తొమ్మిదో వారంలో, ఒకసారి ఏడో వారంలో పోయింది. రెండుసార్లూ డి అండ్ సి, అంటే గర్భసంచిని గీకి శుభ్రం చేయడం, చేశారు. రెండోది జరిగి రెండు నెలలైంది; మొన్న వచ్చిన నెలసరి ఒక్కరోజు, అదీ చుక్కలుగా కనిపించి ఆగిపోయింది. ఏడాది ఆగమని మా అమ్మ, వెంటనే ప్రయత్నించమని వాళ్లమ్మ అంటున్నారు. డాక్టరుగారేమో మూడు నెలలు మళ్లీ గర్భనిరోధక మాత్రలే రాశారు. దేని వల్ల ఇలా అయిందో అదే మళ్లీ ఎలా వేయించమంటారు? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: దేని వల్ల అయిందో అదే అన్న మీ మాట పొరపాటని మొదటి జవాబు చదివితే తెలుస్తుంది, కాబట్టి దాన్ని ఇక్కడ మళ్లీ రాయను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ ఒక్కరోజు నెలసరి.

గర్భస్రావం తరువాత ఒంట్లోని గర్భ హార్మోన్ పూర్తిగా తగ్గడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, నెలసరి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకు వస్తుంది. మొదటిసారి కొంచెం తేడాగా ఉన్నా పట్టించుకోనవసరం లేదు. అయితే రెండుసార్లు గీకి శుభ్రం చేసినవారికి నెలసరి చాలా తగ్గిపోతే, గర్భసంచి లోపలి గోడలు అక్కడక్కడ అతుక్కున్నాయేమోనని చూడాలి. వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే, లేదా రక్తం లేకుండా నెలనెలా నొప్పి మాత్రమే వస్తుంటే, హిస్టరోస్కోపీ అనే సన్నని గొట్టం పరీక్షతో లోపల చూసి, అతుకులుంటే అప్పుడే విడదీయవచ్చు. డాక్టరుగారు హార్మోన్ మాత్రలు రాయడంలో ఉద్దేశం ఏమిటో వారినే అడగండి. నెలసరిని గాడిలో పెట్టడానికి, పరీక్షలు పూర్తయ్యేదాకా మళ్లీ గర్భం రాకుండా చూడడానికి రాసి ఉండవచ్చు. గర్భస్రావమైన రెండు వారాలకే అండం విడుదల కావచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. గీకే పద్ధతికి బదులు, పీల్చి తీసే పద్ధతిని వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది. చాలా సందర్భాలలో మందులతో, లేదా కొన్నాళ్లు ఆగి చూడడంతో కూడా పని జరుగుతుంది. ఇకముందు ఎప్పుడైనా అవసరం పడితే ఈ మాట అడగడానికి మొహమాటపడకండి.

రెండుసార్లు వరుసగా పోయింది కనుక ఇప్పుడు పరీక్షలు చేయించడం న్యాయమే. మూడోసారి పోయేదాకా ఆగాలన్న పాత పద్ధతిని ఇప్పుడు అందరూ పాటించడం లేదు. ఐరోపా దేశాల నిపుణుల సంఘం 2017 నుంచి రెండింటినే లెక్కలోకి తీసుకుంటోంది. థైరాయిడ్, చక్కెర, రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, గర్భసంచి ఆకారం, ఇవి ముఖ్యం. యాంటీబాడీల పరీక్షలో తేడా కనబడితే పన్నెండు వారాలాగి మళ్లీ చేసి నిర్ధారించుకోవాలి. డి అండ్ సి తరువాత తీసిన ముక్కను పరీక్షకు పంపారా లేదా కనుక్కోండి. అది ముత్యాల గర్భమని, అంటే ద్రాక్షగుత్తిలా నీటి బుడగలు పెరిగే గర్భమని తేలితే మాత్రం, గర్భ హార్మోన్ సున్నాకు దిగి కొన్ని నెలలు నిలకడగా ఉండేవరకు గర్భం రాకూడదు. అప్పుడు గర్భనిరోధకం తప్పనిసరి మందే. మీ భార్య రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ అయితే, తరువాతి గర్భానికి ఇబ్బంది రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ అప్పట్లో అవసరమైందా, ఇచ్చారా అన్నది కూడా కేస్ షీట్‌లో చూడండి.

ఇలాంటి కారణమేదీ బయటపడకపోతే, ఇద్దరమ్మల మాటలలో వాళ్లమ్మగారి మాటకే నా ఓటు. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భస్రావం తరువాత ఆరు నెలలాగమని సూచించింది. ఆ తరువాత వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే ఆరు నెలలలోపు వచ్చిన గర్భాలు అంతకంటే ఆలస్యంగా వచ్చినవాటికి ఏమీ తీసిపోలేదు. ఒక మామూలు నెలసరి చూసుకుంటే తేదీల లెక్కకు వీలుగా ఉంటుంది, అంతే. మీ భార్య మనసు కుదుటపడిందా అన్నది మాత్రం ఆమె ఒక్కరే చెప్పగలిగిన సంగతి, దానికి గడువు పెట్టే హక్కు అమ్మలకు గానీ, మీకు గానీ, నాకు గానీ లేదు. పరీక్షలలో ఏ లోపమూ కనిపించని ఈ వయసు దంపతులలో, రెండుసార్లు పోయిన తరువాత కూడా మూడోసారి బిడ్డను ఎత్తుకునేవారే ఎక్కువ, నలుగురిలో సుమారు ముగ్గురు.

మీరు పొగతాగేవారైతే మానేయండి. పరీక్షలన్నీ భార్యకే అన్న అలవాటు మన దగ్గర బలంగా ఉంది. ఆమె ఉద్యోగం చేస్తున్నదీ లేనిదీ రాయలేదు. చేస్తుంటే, 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం గర్భస్రావం జరిగిన మరుసటి రోజు నుంచి ఆరు వారాలు జీతంతో కూడిన సెలవుకు ఆమెకు హక్కుండేది. తరువాత వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ హక్కు కొనసాగింది. మూడు రోజులు క్యాజువల్ లీవు పెట్టి, నాలుగో రోజు కుర్చీలో కూర్చున్న ఆడపిల్లలను నేను చాలామందిని చూశాను. డాక్టరు సర్టిఫికెట్ ఒకటి ఉంటే చాలు.

ప్రశ్న: మాత్రలు వాడుతూ మధ్యలో మూడు రోజులు మరిచిపోయాను. నెలసరి రాకపోయినా కొత్త ప్యాకెట్ మొదలుపెట్టి ఇరవై రోజులు వేసుకున్నాక గర్భమని తెలిసింది. ఉంచుకోవాలని ఉంది. బిడ్డకు లోపం వస్తుందా, గర్భం పోతుందా? – పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఉంచుకోండి. గర్భమని తెలియక తొలి వారాలలో ఈ మాత్రలు వేసుకున్నవారి పిల్లలలో పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువగా కనబడలేదు, గర్భస్రావాలు కూడా పెరగలేదు. ఈరోజు నుంచే మాత్రలు ఆపి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టండి. మీ విషయంలో ఆఖరి నెలసరి తేదీని నమ్మడానికి లేదు కాబట్టి స్కాన్‌తోనే వారాలు లెక్కకట్టించుకోండి. ఒక పక్క పొత్తికడుపులో పొడిచినట్టు నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, భుజం కొనలో నొప్పి, వీటిలో ఏది వచ్చినా అది గర్భం ట్యూబులో పెరుగుతున్న సూచన కావచ్చు. అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఛాయ మాత్రలు ఏడాది వాడి మానేసి రెండు నెలలైంది. నెలసరి 40 రోజులకు వచ్చింది. ఇది కూడా హార్మోన్ మాత్రేనా? – పాఠకురాలు, భీమవరం

జవాబు: కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమాన్ అనే మందు అది, మందుల షాపులలో సహేలీ పేరుతో దొరికేదీ అదే. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికొకసారి వేసుకునేది కాబట్టి, ఒంట్లో నుంచి వెళ్లడానికి రోజూ వేసుకునే మాత్రకంటే కొన్ని వారాలు ఎక్కువ పడుతుంది. వాడేటప్పుడు కూడా కొందరికి నెలసరి ఆలస్యంగా వస్తుంది. 40 రోజులకు వచ్చిన ఒక్క నెలసరిని చూసి పరీక్షలకు పరుగెత్తనవసరం లేదు. వచ్చే నెల తేదీ దాటి పదిహేను రోజులైనా రాకపోతే, ఉదయం మొదటి మూత్రంతో కిట్ చూసుకోండి.